కార్పు చేపల చెరువులలో అవాంఛిత చేపలు: గుర్తింపు, నివారణ, గాలపు వేటలో జాగ్రత్తలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మంచినీటి చేపల పెంపకమంటే ప్రధానంగా కార్పు జాతి చేపల పెంపకమే. బొచ్చె, శీలావతి, మోసు అను మూడు దేశవాళీ రకాలు, వీటికి తోడు బంగారుతీగ, గడ్డిచేప, వెండిచేప అను విదేశీ రకాలు ఈ కోవలోకి వస్తాయి. శీలావతిని తెలంగాణ జిల్లాలలో రవ్వ అని వ్యవహరిస్తారు. చెరువులో వదిలిన పిల్ల ఏడాది తిరిగేసరికి సుమారు కిలో బరువుకు రావలెనన్న అంచనాతోనే రైతు పెట్టుబడి పెడతాడు, మత్స్యకార సహకార సంఘం చెరువును గుత్తకు తీసుకుంటుంది. ఈ అంచనా తప్పినపుడు నీటి కొరతను, వ్యాధులను, దొంగతనాలను కారణాలుగా చెప్పుకోవడం పరిపాటి. నీటి అడుగున కనబడకుండా నష్టం కలిగించే అవాంఛిత చేపల సంగతి మాత్రం వల లాగిన రోజున గాని బయటపడదు.

ఈ విషయమై పాత్రికేయ మిత్రులకు, గ్రామ, మండల స్థాయి అధికారులకు ఉపయోగపడగల సమాచారాన్ని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

అవాంఛిత చేప అనగానేమి?

ఏ చేపా స్వతహాగా అవాంఛితం కాదు. పెంపకానికి ఉద్దేశించిన నీటిలో, ఉద్దేశించని చేప చేరినపుడే ఆ మాట వర్తిస్తుంది. ఇందుకు కొర్రమీను చక్కని ఉదాహరణ. రెండు తెలుగు రాష్ట్రాలకూ అది రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు హైదరాబాదు మార్కెట్లలో దాని ధర కార్పు చేపలకు అందనంత ఎత్తున ఉంటుంది. అదే కొర్రమీను రెండు అంగుళాల శీలావతి పిల్లలు వదిలిన చెరువులో ఉన్నట్లయితే, సంఘం సొమ్ముతో కొన్న పిల్లలు దానికి ఆహారమవుతాయి.

నష్టం కలిగించే తీరును బట్టి వీటిని స్థూలంగా మూడు విధాలుగా చూడవచ్చును. మొదటివి ఇతర చేపలను తినే భక్షక చేపలు. వాలుగ, కొర్రమీను, మట్టగిడస, మార్పు, పెద్ద జెల్లలు ఈ వర్గానికి చెందినవి. రెండవవి పరిగెల వంటి చిన్న చేపలు. ఇవి కార్పు పిల్లలను మింగవు గాని, అవి తినవలసిన ప్లవకాలను, రైతు వేసిన తవుడును, చెక్కను పంచుకుంటాయి. కోస్తా జిల్లాలలో చేపల చెరువులకు మేతగా వాడే నూనె తీసిన తవుడును రంధ్రాలు గల సంచులలో నింపి చెరువులో వేలాడదీస్తారు. ఆ సంచుల చుట్టూ చిన్న చేపల గుంపులు చేరినవంటే రైతు ఖర్చులో కొంత భాగం వాటి పాలవుతున్నదనే అర్థం. వరిచేలో కలుపు మొక్కను పోల్చి వీటిని కలుపు చేపలని పిలవడం మత్స్యశాఖ వాడుకలో స్థిరపడినది. మూడవవి పరాయి దేశాల నుండి వచ్చి మన జలాలలో అదుపు తప్పి విస్తరించినవి. వీటి వల్ల నష్టం ఒక్క చెరువుతో ఆగదు, ఒక్క ఏడాదితోనూ పోదు.

1957కు ముందు పరిస్థితి

దేశవాళీ కార్పు చేపలు ప్రవహించే నదులలో తప్ప నిలిచిన చెరువు నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. అందువలన పూర్వం వరదల కాలంలో నదుల ఒడ్డున సన్నని వలలతో పిల్లలను పట్టి చెరువులకు తరలించేవారు. ఆ వలలో బొచ్చె, శీలావతి పిల్లలతో పాటు వాలుగ పిల్లలు, జెల్ల పిల్లలు కూడ పడేవి. కొద్ది మిల్లీమీటర్ల పొడవున్న ఆ దశలో వేటిని ఉంచవలెనో, వేటిని పారవేయవలెనో వేరు చేయడం అనుభవజ్ఞులకు సైతం కష్టమే. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె.హెచ్. అలీకున్హి పిట్యూటరీ గ్రంథి సారంతో కార్పు చేపలచే గుడ్లు పెట్టించడంలో సఫలీకృతులయ్యారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవాన్ని ఏటా జూలై 10న జరుపుకొనుటకు ఇదే కారణం. విత్తన కొరత తీర్చిన ఆవిష్కరణగానే దీనిని సాధారణంగా స్మరిస్తారు. కలగలుపు లేని విత్తనం రైతు చేతికి అందుటకు దారి తీసినది కూడ అదే.

హేచరీ విత్తనం వచ్చిన తరువాత కలుపు రావలసిన దారులు మూడే మిగిలినవి. చెరువులో ముందే ఉన్న చేపలు, కాలువ నీటితో పాటు వచ్చేవి, పిల్లల ప్యాకెట్లలో కలిసి వచ్చేవి. మొదటి రెంటితో పోల్చితే మూడవదానిని అరికట్టడం సులభం. అయినను శ్రద్ధ కొరవడుతున్నది కూడ అక్కడే.

సొంత చెరువులలో: పిల్లలు వదలక ముందే

కృష్ణా, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలలోని చేపల చెరువుల వంటి సొంత చెరువులలో మేలైన పద్ధతి, నీటిని పూర్తిగా తోడివేసి నేల నెర్రెలు విచ్చే వరకు ఎండనివ్వడమే. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక వంటి చేపలు గాలిని నేరుగా పీల్చగలవు. అడుగున కాస్త బురద మిగిలినా అందులో దాగి బ్రతుకుతాయి. పైన ఆరినట్లు కనబడిన చెరువులో మరుసటి నెల కొర్రమీనులు ప్రత్యక్షమవడంలో వింత ఏమీ లేదు.

నీటిని తోడుటకు వీలుకాని చోట ఇప్ప పిండిని వాడడం దీర్ఘకాలంగా అనుసరిస్తున్న పద్ధతి. నూనె తీసిన ఇప్ప గింజల చెక్కలో ఉండే సాపోనిన్ అను పదార్థం చేపల మొప్పల ద్వారా రక్తంలో చేరి ఎర్ర రక్త కణాలను ఛిద్రం చేస్తుంది. ఒక మీటరు లోతు నీరున్న ఎకరానికి సుమారు 1,000 కిలోలు, అనగా హెక్టారుకు 2,500 కిలోలు అవసరమవుతుంది. లోతు సగముంటే మోతాదు కూడ సగమే. విస్తీర్ణాన్ని మాత్రమే లెక్కించి లోతును విస్మరించడం వలన మందు వృథా అవడమో, పని చేయకపోవడమో జరుగుతున్నది. పిండిని ఒక రాత్రి నానబెట్టి చెరువంతటా సమానంగా చల్లి, వల లాగి నీటిని కలియబెట్టవలెను. పైకి తేలిన చేపలు తినుటకు పనికివస్తాయి. విషప్రభావం తగ్గుటకు 15 నుండి 20 రోజులు పడుతుంది. ఆపైన అదే పిండి చెరువుకు సేంద్రియ ఎరువుగా ఉపకరించడం ఈ పద్ధతిలోని ప్రత్యేక లాభం.

ఇప్ప పిండి దొరకని చోట యూరియా, బ్లీచింగ్ పౌడరు కలిపి వాడతారు. మీటరు లోతు నీటికి ఎకరానికి 40 కిలోల యూరియా చల్లి, సుమారు ఒక రోజు తరువాత 70 కిలోల బ్లీచింగ్ పౌడరును చల్లడం సిఫారసు. వారం, పది రోజులలో నీరు తిరిగి అనుకూల స్థితికి వస్తుంది. ఏ పద్ధతి వాడినను, కొద్ది పిల్లలను హాపాలో ఉంచి ఒక రోజు గమనించిన పిమ్మటనే మిగతావాటిని వదలడం క్షేమం. పురుగుమందులతో చెరువు శుభ్రం చేయడం ఎంత మాత్రమూ తగదు. వాటితో చచ్చిన చేప తినుటకు పనికిరాదు. మందు అవశేషాలు బురదలో మిగిలి తదుపరి పంటకూ చేటు చేస్తాయి.

ఇంత చేసిన తరువాత కూడ కాలువ తూముకు సన్నని కన్నుల వల కట్టనట్లయితే శ్రమంతా వ్యర్థమే. చేపలే రానవసరం లేదు, వాటి గుడ్లు నీటితో వచ్చినా చాలు. అడ్డుగా కట్టిన ఒక్క తెర కంటె, తూము మూతికి సంచి వలె బిగించిన పొడవాటి వల చెత్తతో త్వరగా మూసుకుపోకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. కొల్లేరు పరిసర ప్రాంతాల రైతులలో చాలమంది ఏడాది పాటు కిక్కిరిసిన నీటిలో ఎదుగుదల అణచి ఉంచిన, వంద గ్రాములు దాటిన పిల్లలను వదులుతారు. వీటిని జీరో పాయింట్ పిల్లలని వ్యవహరిస్తారు. ఈ సైజు పిల్లను మింగగల భక్షక చేప అరుదు గనుక, ఆ విధానంలో ఈ సమస్య తీవ్రత చాల తక్కువ.

ఊరి చెరువులలో: విషం వాడరాదు

పైన చెప్పిన మందులలో ఏదియును ఊరి చెరువుకు వర్తించదని అధికారులు ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. ఊరి చెరువు ఒక్క సంఘం ఆస్తి కాదు. పశువులు త్రాగేది, ఆయకట్టు పారేది, బోర్లకు ఊట నిచ్చేది ఆ నీరే. పరిగెలు, చిన్న జెల్లలు, బొమ్మిడాయిలు పేద కుటుంబాల పళ్ళెంలోకి ఖర్చు లేకుండా వచ్చే పోషకాహారం. ముల్లుతో సహా తినే చిన్న చేపల నుండి కాల్షియం బాగా లభిస్తుంది. కార్పు దిగుబడి కోసం వీటిని తుడిచిపెట్టడం లెక్కకు లాభంగా కనబడినను గ్రామానికి నష్టమే. చట్టరీత్యా చూచినను, చేపలను పట్టుటకు లేదా చంపుటకు నీటిలో విషం కలపడం, పేలుడు పదార్థాలు వాడడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారం నేరం.

అందువలన ఊరి చెరువులలో అనుసరించదగినది పిల్ల సైజు పెంచడం, విడుదలకు ముందు వలలతో, గాలాలతో పెద్ద భక్షక చేపలను తగ్గించడం. తెలంగాణలో 2016-17లో ప్రారంభమైన ఉచిత చేప పిల్లల పంపిణీ పథకంలో వర్షాధార చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్దేశించడంలోని హేతువు ఇదే. వేసవిలో ఎండిపోయిన చెరువులో భక్షక చేపలు తక్కువ గనుక చిన్న పిల్ల కొంతవరకు నెగ్గుకు రాగలదు. నీరు తరగని జలాశయంలో ఏళ్ళ తరబడి పెరిగిన వాలుగలు ఉంటాయి గనుక అక్కడ చిన్న పిల్లను వదలడమంటే వాటికి మేత వేయడమే. ఆ కారణంగా, సరఫరా అయిన పిల్లల సంఖ్యను గూర్చి మాత్రమే వార్తలు వ్రాయడం సరిపోదు. కొలబద్దపై వాటి పొడవు ఎంత ఉన్నదన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

విడుదల రోజున పరీక్షకు పెద్ద పరికరాలు అవసరం లేదు. ప్యాకెట్లలో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎన్నుకొని తెల్లని తొట్టిలో పోసి, లెక్కించి, కొలిచి, రకాలను చూడవలెను. పొలుసు లేని ఒళ్ళు, నోటి చుట్టూ పొడవాటి మీసాలు ఉన్నట్లయితే అది జెల్ల లేదా మార్పు జాతిది. బంగారుతీగకు కూడ చిన్న మీసాలుంటాయి, కాని ఒంటిపై పొలుసులు స్పష్టంగా కనబడతాయి. వీపు పొడవునా ముళ్ళ రెక్క, దాని వెనుక భాగాన నల్లని మచ్చ ఉన్న పిల్ల తిలాపియా. ఇటువంటివి కనబడిన సరుకును చెరువు గట్టు మీదనే నిరాకరించవచ్చును. విడుదల చేసిన తరువాత ఫిర్యాదుకు ఆధారం మిగలదు. ఆంధ్రప్రదేశ్‌లో హేచరీల, విత్తనాల నాణ్యతను నియంత్రించుటకు 2006లో ప్రత్యేక చట్టం తీసుకురావడం జరిగినది.

గొలుసుకట్టు చెరువులలో మరొక చిక్కు కలదు. ఎగువ చెరువు అలుగు పారినపుడు వదిలిన పిల్లలు దిగువకు కొట్టుకుపోతాయి, దిగువ చేపలు ప్రవాహానికి ఎదురెక్కి పైకి వస్తాయి. అలుగుకు జాలీ కట్టించమని మత్స్యకారులు కోరడం సహజం. అయితే చెత్తతో జాలీ మూసుకుపోయినపుడు నీరు ఎగదన్ని కట్టకు ప్రమాదం వాటిల్లవచ్చును. కావున జాలీ ఏర్పాటును నీటిపారుదల శాఖ ఇంజనీర్ల అనుమతితో, వరద రోజులలో దానిని శుభ్రపరచే బాధ్యతను సంఘానికి అప్పగించిన మీదటనే చేపట్టవలెను.

పరాయి జాతులు

మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశానికి వచ్చినది. గుడ్లను, పిల్లలను తల్లి నోటిలో దాచుకొని కాపాడుకోవడం, ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెట్టడం వలన అది చెరువులను త్వరగా నింపివేస్తుంది. కాని ఆ క్రిక్కిరిసిన గుంపులో ఏ చేపా అమ్మదగినంత పెరగదు. 1959లోనే దీని వ్యాప్తిపై నిషేధం విధించినను, అప్పటికే చెరువులకు చేరిన దానిని వెనుకకు రప్పించడం సాధ్యపడలేదు.

వెండిచేప ఉదంతం మరింత ఆలోచింపజేసేది. 1971లో హిమాచల్ ప్రదేశ్‌లో వరదల వలన దేవలీ చేపల క్షేత్రం నుండి కొన్ని వెండిచేపలు గోవిందసాగర్ జలాశయంలోకి చేరినవి. కొన్నేళ్ళలోనే ఆ జలాశయంలో అదే ప్రధాన చేప అయి, బొచ్చె దిగుబడి క్షీణించినది. రెండూ నీటి పై పొరలలో ప్లవకాలపై ఆధారపడేవే. పెంపకపు చెరువులో కోరి వదిలే కార్పు కూడ, తప్పు నీటిలో పడినపుడు అవాంఛితమవుతుందనుటకు ఇది నిదర్శనం. బొచ్చెతో ఇట్లే పోటీపడే బిగ్‌హెడ్ కార్పు పెంపకం మన దేశంలో నిషిద్ధం.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో నిషేధించినది. అయినను కోళ్ళ వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు మేతగా వేసి రహస్యంగా పెంచుతున్న చెరువులను అధికారులు ధ్వంసం చేసిన వార్తలు రెండు రాష్ట్రాలలోనూ తరచు వెలువడుతున్నవి. ఇక్కడ పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. ఇటువంటి వార్తలలో ‘క్యాట్‌ఫిష్ నిషేధం’ అని మాత్రమే వ్రాయడం వలన అపార్థం కలుగుతున్నది. పొలుసులు లేని, మీసాలున్న చేపలను ఆంగ్లంలో సాధారణంగా క్యాట్‌ఫిష్‌లనే అంటారు. మన జెల్ల, వాలుగ, దేశవాళీ మార్పు కూడ ఆ కుటుంబాలవే. వాటిపై నిషేధం లేదు. దేశవాళీ మార్పును బుట్టలో తెచ్చి అమ్ముకునే మహిళ అనుమానానికి, వేధింపులకు గురికారాదు. ‘ఆఫ్రికన్’ అను ఒక్క మాటను శీర్షికలో చేర్చితే ఆ ఇబ్బంది తొలగుతుంది.

ఇటీవలి సంవత్సరాలలో తలనొప్పిగా పరిణమించినది దెయ్యం చేప. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేపను అక్వేరియం గాజుపై పాచిని తింటుందని తెచ్చి, పెరిగిన పిదప చెరువులలో, కాలువలలో వదలివేయడం వలన వ్యాపించినది. నల్లని, గట్టి పలకల వంటి ఒళ్ళు, ముళ్ళ రెక్కలు కలిగిన ఈ చేప వలలో పడితే వల చిరుగుతుంది, చేతులు గాయపడతాయి, మార్కెట్లో కొనేవారుండరు. తూర్పు కనుమల జలవనరులలో దీని వ్యాప్తిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నీటిలోని డి.ఎన్.ఎ. జాడల ఆధారంగా అధ్యయనం చేశారు.

గాలపు వేటలో ఎరను బట్టి చేప

చెరువు గట్ల మీద గాలంతో కార్పు చేపలు పట్టేవారికి కూడ ఈ చేపలతోనే పేచీ. కార్పు చేపలకు దవడలలో పళ్ళుండవు. అవి మెత్తని మేతను నోటితో పీల్చుకొని, గొంతులోని పళ్ళతో నలుపుకొంటాయి. వాలుగ, కొర్రమీను, జెల్ల కదిలే ఎరపై పడి కరుస్తాయి. ఎర్రను గుచ్చినచో నీటిలోని ప్రతి చేపా వస్తుంది, అన్నిటి కంటె ముందు జెల్ల వస్తుంది. తవుడు, వేరుశనగ చెక్క, గోధుమ పిండి కలిపి గట్టిగా పిసికిన ముద్దకు భక్షక చేపలు సాధారణంగా రావు. పరిగెలు మాత్రం దానిని పొడిచి రాల్చివేస్తాయి. ముద్దను ఉడికించి గట్టిపరచి, పరిగె నోట పట్టనంత పెద్దదిగా కట్టడం దానికి విరుగుడు.

ఎర ఉండే లోతు కూడ ముఖ్యమే. మోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి, శీలావతి నడి నీటిలో, బొచ్చె పై నీటిలో. బొచ్చె, వెండిచేప నీటిని వడకట్టి తినేవి గనుక గట్టి ముద్దకు అంతగా రావు. నీటిలో మెల్లగా కరిగి మబ్బు వలె వ్యాపించే మెత్తని పిండితో బెండు గాలం వేస్తేనే బొచ్చెకు ఆశ. గడ్డిచేపకు లేత గడ్డి, ఆకులే ఎర. మీసాల చేపలలో అధికభాగం చీకటి పడిన తరువాత మేతకు తిరుగుతాయి గనుక, వాటిని తప్పించదలచినవారు సూర్యాస్తమయానికి గాలం చుట్టుకోవడం మంచిది. జెల్ల వీపు ముల్లు, ప్రక్క ముళ్ళు లోతైన గాయం చేస్తాయి. ఇంగిలాయి ముల్లుకు విషముండి తీవ్రమైన మంట పుడుతుంది. వీటిని వట్టి చేతితో పట్టక, తడి గుడ్డతో అదిమి, శ్రావణంతో గాలం తీయవలెను.

గాలానికి పడిన అవాంఛిత చేపను ఏమి చేయవలెనన్నది అది ఏ వర్గానిదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. దేశవాళీ చేప చిన్నదైతే తడి చేతితో పట్టి అదే నీటిలో వదలవచ్చును. పెద్దదైతే చెరువు హక్కుదారులైన సంఘం నియమాలను అనుసరించవలెను. తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, దెయ్యం చేపలను మాత్రం తిరిగి నీటిలో వదలరాదు, మరొక చెరువుకు తీసుకుపోరాదు. తిలాపియా పిల్లలను బ్రతికిన ఎరగా బిందెలో తీసుకొనిపోయి, మిగిలినవాటిని అక్కడి నీటిలో ఒంపివేయడం వలన ఈ జాతి కొత్త చెరువులకు చేరగలదు. దెయ్యం చేప నీటి వెలుపల గంటల తరబడి బ్రతుకగలదు గనుక గట్టు మీద పారవేసి వెళ్ళుట సరికాదు. వాన పడితే అది తిరిగి నీటిలోకి జారవచ్చును. చంపి, నీటికి దూరంగా గొయ్యి తీసి పూడ్చి, అది దొరికిన చెరువు పేరును, తేదీని ఫొటోతో సహా జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి తెలియజేయవలెను.